క్యారేజీ ఒంటరిగా విప్పుతున్న మీకు

ప్రశ్న: మాది నాయుడుపేట దగ్గర పల్లె. వయసు 41. పదకొండేళ్లుగా చెన్నై అంబత్తూరు పారిశ్రామికవాడలో వాహనాల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో, క్వాలిటీ విభాగంలో తనిఖీ పని చేస్తున్నాను. కాపురం పెరంబూరులో. ఎనిమిది నెలల కిందట బ్రేకుకు సంబంధించిన ఒక లాట్‌లో, అంటే ఒకే విడతగా చేసిన సరుకులో, రంధ్రాల కొలత హద్దు దాటి ఉంది. పై అధికారి ఎంత ఒత్తిడి చేసినా దాని మీద నా ముద్ర వేయలేదు. లాట్ ఆగింది. ఆ నెల అందరి ఇన్సెంటివ్ పోయింది. అప్పటి నుంచి నాతో ఎవరూ మాట్లాడరు. తిట్టరు, కొట్టరు. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బల్ల దగ్గరికి మాత్రం రారు. వాట్సాప్ గ్రూపు నుంచి తీసేశారు. నా బల్లను తుక్కు గది పక్కకు మార్చి, పాత క్యాలిబ్రేషన్ రిజిస్టర్లు తిరగరాయమన్నారు.

ఇప్పుడు నేనే మారిపోయాను. ఇరవై నిమిషాల తనిఖీ ఇస్తే రెండు గంటలు పడుతోంది. ఇద్దరు నవ్వుకుంటే నా గురించే అనిపిస్తుంది. మొన్న మా బాబు నీళ్లు ఒలకబోస్తే చెయ్యి చేసుకున్నాను. పోయిన నెల రెండుసార్లు పట్టరవాక్కంలో రైలు దిగలేక ఆవడి దాకా వెళ్లి తిరిగి వచ్చాను. కొత్తగా చేరిన కుర్రాడు రంధ్రాలు కొలిచే బోర్ గేజ్‌ను సున్నాకు ఎలా పెట్టాలని అడగడానికి వస్తే, 'వెళ్లి వాళ్లనే అడుగు' అని కసురుకున్నాను. ఈసారి అప్రైజల్‌లో 'ఎవరితోనూ కలవడు, చిరాకు ఎక్కువ, పని నెమ్మది' అని రాశారు. 20వ తేదీలోగా సంతకం పెట్టాలి. వాళ్లు తమిళులు, నేను తెలుగువాడిని కాబట్టేనా ఇదంతా? నేను నిజంగానే ఇలాంటి మనిషినా? క్షమాపణ అడగనా, మానేయనా? మా ఆవిడ 'మనసులో పెట్టుకోకండి' అంటోంది.
– పేరు వద్దన్న పాఠకుడు, చెన్నై

సమాధానం: ఆ కాగితం మీద రాసిన మూడు మాటలూ నిజమే అయి ఉండవచ్చు. మీరు ఎవరితోనూ కలవడం లేదు. చిరాకు పడుతున్నారు. పని నెమ్మదించింది. ఈ మూడూ మీ ఉత్తరంలో మీరే ఒప్పుకున్నారు. పచ్చి అబద్ధం రాసి ఉంటే మీకు కోపం వచ్చేది, నాకు ఈ ఉత్తరం వచ్చేది కాదు. నిజం కలిసి ఉండబట్టే 'నేను ఇలాంటి మనిషినా' అన్న ప్రశ్న మిమ్మల్ని తొలిచేస్తోంది.

ఆ కాగితంలో లేనిది తేదీ. పదేళ్లకు పైగా మీ ముద్ర మీద సరుకు గేటు దాటింది. ఈ చిరాకు, ఈ నెమ్మది ఎప్పుడు మొదలయ్యాయో అందులో ఎవరూ రాయలేదు. పాత అప్రైజల్ కాగితాలు ఇంట్లో ఉంటే ఈ రాత్రే తీసి చూడండి. నిరుడు ఏమి రాశారో, అంతకు ముందు ఏమి రాశారో చదవండి. ఎనిమిది నెలలు ఒక మనిషితో మాట మానేసి, చేతిలో పని లాక్కుని, తుక్కు పక్కన కూర్చోబెట్టి, అతను కుంగిపోయాక ఆ కుంగుబాటునే అతని గుణమని రాసిపెట్టారు. చెంప మీద కొట్టి, వాచిన చెంపను చూపించి నీ ముఖమే అంత అన్నట్టుంది. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలచివేసింది ఇదే.

మీకు జరుగుతున్నదానికి మన భాషలో పాత పేరే ఉంది: వెలి. ఊళ్లో ఒక ఇంటిని వెలి వేస్తే ఆ ఇంటి మీదికి ఎవరూ కర్రలు పట్టుకుని వెళ్లనక్కర లేదు. చాకలి రాడు, మంగలి రాడు, బావి దగ్గర చేద ఇవ్వరు, పొయ్యికి నిప్పు ఇవ్వరు, పెళ్లికి పిలుపు ఉండదు. కొన్ని కులాల వాళ్లను తరతరాలుగా ఊరి బయట ఉంచి ఆ చోటుకు వెలివాడ అని పేరు పెట్టిన సమాజం మనది. ఆ గాయంతో మీ ఎనిమిది నెలలను సమానం చేయను. కానీ ఆయుధం అదే జాతిది. 'తిట్టరు, కొట్టరు' అని రాశారు చూడండి, అంతమాత్రాన మీకు ఫిర్యాదు చేసే హక్కు లేదన్నట్టుగా. ఆ మాట మీ ఉత్తరంలోంచి కొట్టేయండి. జేన్ ఓరైలీ, సాండ్రా రాబిన్సన్ మరికొందరితో కలిసి కెనడాలో చేసి, 2015లో ప్రచురించిన పరిశోధనలో తేలింది సరిగ్గా ఇదే. తిట్టడం, వేధించడంతో పోలిస్తే పట్టించుకోకుండా వదిలేయడం చిన్న సంగతేనని ఉద్యోగులు అనుకుంటారు. తీరా చూస్తే ఆరోగ్యం చెడిపోవడానికీ, ఉద్యోగం వదిలిపోవడానికీ ఎక్కువగా ముడిపడి ఉన్నది ఆ వదిలేయడమే.

ఎందుకు ఇంత లోతుగా తగులుతుందో చెబుతాను. అమెరికాలో కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకరోజు పార్కులో తన కుక్కతో కూర్చుని ఉన్నారు. ఎవరో ఇద్దరు ఆడుకుంటున్న ఫ్రిస్బీ పళ్లెం వచ్చి ఆయనకు తగిలింది. తీసి విసిరారు. వాళ్లు మళ్లీ ఆయనకు విసిరారు. ముగ్గురూ కాసేపు ఆడాక, ఉన్నట్టుండి ఆ ఇద్దరూ ఆయనకు విసరడం మానేసి తమలో తామే ఆడుకోసాగారు. ముక్కూ మొహం తెలియని మనుషులు, ఐదు నిమిషాల ఆట. అయినా మనసు చివుక్కుమంది. అది ఎందుకో తెలుసుకోవడానికే ఆయన తరువాతి జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించారు. అదే ఆటను కంప్యూటర్ మీద బంతాటగా మార్చి ఎందరితోనో ఆడించారు. బంతి రాకుండా పోయిన కొద్ది నిమిషాలకే మనుషుల్లో తమ మీద తమకు నమ్మకం, తమ చేతిలో ఏదో ఉందన్న భావం, తాము అసలు ఉన్నామన్న స్పృహ తగ్గాయి. అవతల ఆడుతున్నది మనుషులు కాదు, కంప్యూటరే అని ముందే చెప్పినా బాధ కలిగిందని 2004లో ప్రచురించారు. అంతకు ఏడాది ముందు, ఇదే ఆట ఆడిస్తూ మెదడును స్కాన్ చేసిన నవోమీ ఐజెన్‌బర్గర్ బృందం, శరీరానికి నొప్పి కలిగినప్పుడు పనిచేసే ఒక ప్రాంతమే ఇక్కడా చురుగ్గా ఉందని చూపింది. మీకు బంతి రానిది ఎనిమిది నెలలుగా. విసరనిది పదేళ్లకు పైగా మీ క్యారేజీలోని కూర పంచుకున్న వాళ్లు.

అందుకే ఇద్దరు నవ్వితే మీ గురించే అనిపిస్తుంది. వెలి పడ్డ మనిషి కళ్లు ఎప్పుడూ ఎదుటివాళ్ల ముఖాల మీదే ఉంటాయి. ఏ చిన్న కదలికలోనైనా తనను లోపలికి రానిస్తారా, ఇంకా దూరం నెడతారా అని వెతుకుతాడు. మామూలు నవ్వులో కూడా వెక్కిరింత కనబడుతుంది. పని నెమ్మదించడమూ వింత కాదు. సగం మనసు కాపలా కాస్తుంటే కొలతకు మిగిలేది సగమే. పైగా ఆ కంపెనీలో మీకు మిగిలిన ఆధారం మీ ముద్ర ఒక్కటే, అది తప్పితే ఇక ఏమీ లేదన్న భయంతో ఒకే రంధ్రాన్ని మూడుసార్లు కొలుస్తున్నారు. స్వీడన్‌లో హైంజ్ లేమాన్ 1980లలో, పనిచోట గుంపుగా ఒకరిని వేధించడం మీద తొలి పరిశోధనలు చేశారు. అలా నలిగిన వాళ్లలో కనిపించే అనుమానం, చిరాకు ఆ వేధింపు తెచ్చిపెట్టినవేనని, వాటినే కారణంగా చూపడం తలకిందుల వాదనని ఆయన గట్టిగా చెప్పారు. మీ అప్రైజల్ రాసిన వ్యక్తి చేసింది ఆ తలకిందుల వాదనే.

ఇక వాళ్లు తమిళులు, మీరు తెలుగువారు అన్న సంగతి. నేను ఒప్పుకోలేను. పదేళ్ల పైన అదే తమిళులు మీతో కలిసి తిన్నారు. భాష అప్పుడూ ఉంది. ఈ మాట ఇంత గట్టిగా అనడానికి నా దగ్గర వేరే కారణం కూడా ఉంది. మీకు చెప్పక తప్పదు.

1989లో నేను మద్రాసులోనే ఒక కార్యాలయంలో గుమాస్తాగా చేరాను. మా గదిలో తెలుగువాళ్లమే ఎక్కువ. మాలో ఒకామె, నాకంటే పదేళ్లు పెద్దది, ఒక అధికారి పెట్టిన దొంగ ప్రయాణ బిల్లును పైకి పంపడానికి ఒప్పుకోలేదు. వారం తిరక్కుండా గది మొత్తం ఆమెతో మాట మానేసింది. నేను కూడా. ఆమె రోజూ ఒక చిన్న స్టీలు డబ్బాలో అందరికీ సరిపడా మాగాయ తెచ్చేది. మాటలు ఆగిపోయాక కూడా రెండు వారాలపాటు తెచ్చింది. మధ్యాహ్నం మూత తీసి బల్ల మధ్యకు జరిపేది. ఎవరూ చెయ్యి పెట్టలేదు. భోజనాలయ్యాక మూత పెట్టి సంచిలో వేసుకునేది. మూడో వారం నుంచి తేలేదు. నాకు ఆమె మీద ద్వేషం లేదు, గౌరవమే ఉంది. కానీ అమ్మకు జబ్బుగా ఉందని నెల్లూరు బదిలీకి నేను పెట్టుకున్న అర్జీ అదే అధికారి బల్ల మీద ఉంది. ఆరు నెలలకు ఆమె గొంతు మారింది. ఒకరోజు ఫైలు విసిరేసింది. 'చూశారా, ఈవిడ ముందు నుంచీ ఇంతే' అని మేమే అనుకున్నాం. నేనూ తల ఊపాను. తరువాత ఆమె వేరే ఊరు వెళ్లిపోయింది. నేను ఏనాడూ ఆమెకు క్షమాపణ చెప్పలేదు. మీ ఉత్తరం చదువుతున్నంతసేపూ ఆ డబ్బా మూత చప్పుడే వినిపించింది.

మీ క్యాంటీన్‌లో పక్క బల్ల మీద ఉన్నవాళ్లలో కొందరు నాలాంటి వాళ్లే అయి ఉంటారు. పోయిన ఇన్సెంటివ్ మీద కోపం కొంత ఉంటుంది, కాదనను. మీ పక్కన కూర్చుంటే తమ బల్ల కూడా తుక్కు గది వైపు జరుగుతుందన్న భయం అంతకంటే ఎక్కువ ఉంటుంది. వాళ్లను క్షమించమని అడగడం లేదు. అందరూ మిమ్మల్ని అసహ్యించుకుంటున్నారని మీరు నమ్మడం మొదలుపెట్టారు, ఆ నమ్మకం సరైనది కాకపోవచ్చని మాత్రం చెబుతున్నాను. బయట, టీ కొట్టు దగ్గర, ఒక్కరిని ఒంటరిగా పలకరించి చూడండి. గుంపులో మాట్లాడని మనిషి ఒంటరిగా దొరికితే మాట్లాడవచ్చు.

మీరు రోజూ రైలెక్కే పెరంబూరులోనే, బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికుల కోసం 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతిగా ఏర్పడ్డ తొలి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. సెల్వపతి చెట్టియార్, రామానుజులు నాయుడు, బి.పి. వాడియా దాని వెనుక ఉన్నారు. ఆ కార్మికుల ఫిర్యాదుల్లో కూలి ఒక్కటే లేదు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే సమయం చాలదన్నది ఒకటి, పైవాళ్లు మనిషిని మనిషిగా చూడరన్నది మరొకటి. మీది ఆ పక్కన చిన్న బాధని అనుకోవద్దు. అన్నం దగ్గర జరిగే అవమానాన్ని ఈ ఊరు వందేళ్ల కిందటే పెద్ద సంగతిగా తీసుకుంది.

చట్టం దగ్గరికి వస్తే మీకు ఆశ పెంచి మోసం చేయను. జపాన్‌లో 2020 జూన్ నుంచి అమలైన చట్టం కింద, అధికారంతో వేధించడం ఆరు రకాలని ప్రభుత్వం మార్గదర్శకాల్లో చెప్పింది. మనుషుల నుంచి వేరు చేయడం అందులో ఒకటి. స్థాయికి తగని చిల్లర పని ఇవ్వడం లేదా పనే ఇవ్వకపోవడం మరొకటి. రెండూ మీకు జరిగాయి. మన దేశంలో 2013 చట్టం లైంగిక వేధింపులకు మాత్రమే వర్తిస్తుంది. ఇలాంటి వెలికి విడిగా చట్టం లేదు. అయితే 20 మంది, ఆ పైన కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం తరఫున, కార్మికుల తరఫున సమాన సంఖ్యలో సభ్యులు ఉండాలి. మీరు ఆ కమిటీ పరిధిలోకి వస్తారా లేదా అన్నది మీ హోదా పేరు కంటే మీరు చేసే పనిని బట్టి, కొంత జీతాన్ని బట్టి ఉంటుంది. కార్మిక కేసులు చూసే న్యాయవాదిని గాని, అంబత్తూరులో ఏదైనా కార్మిక సంఘం వారిని గాని ఒకసారి కలిసి ఈ సంగతి తేల్చుకోండి.

సంతకం మాత్రం 20వ తేదీలోగా పెట్టండి, కింద నాలుగు వాక్యాలు రాసి. 'ఈ వ్యాఖ్యలు చదివాను, అంగీకరించడం లేదు. ఫలానా తేదీన ఫలానా లాట్‌కు నేను ఆమోదం తెలపని తరువాత నా పని, నేను కూర్చునే చోటు మార్చారు. సమాచారం అందే గ్రూపు నుంచి తొలగించారు. అంతకు ముందు సంవత్సరాల నా అప్రైజల్స్ పరిశీలించమని కోరుతున్నాను.' కోపం మాట ఒక్కటి కూడా వద్దు. తేదీలు ఉండాలి. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. రోజూ జరిగేది ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాయండి, తేదీ, సమయం, ఎవరు, ఏమి జరిగింది అన్నంత వరకే. కంపెనీ డ్రాయింగులు, కొలతల పత్రాలు ఫోనులో ఫొటోలు తీసుకోవద్దు. ఇప్పటి వరకు తప్పు వాళ్ల వైపు ఉంది. దాన్ని మీ వైపు తెచ్చుకోకండి.

మానేయాలా? ఈ నెల వద్దు. చేతిలో మరో ఉద్యోగం లేకుండా అసలే వద్దు. కానీ వెతకడం ఈ రోజే మొదలుపెట్టండి. తనిఖీ పనిలో పదకొండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకు శ్రీపెరంబుదూరు, ఒరగడం వైపు కంపెనీలున్నాయి. మీ ఊరి దారిలోనే తడ దగ్గర శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది. మీ ఫిర్యాదు తరువాత కూడా నాలుగైదు నెలల్లో మార్పు రాకపోతే వెళ్లిపొమ్మనే చెబుతాను. ఎనిమిది నెలల్లో మీ నుంచి ఇంత తీసుకున్న చోటు రెండేళ్లలో ఇంకెంత తీసుకుంటుందో అని నాకు భయంగా ఉంది.

ఆ రైలు సంగతి మామూలు విషయం కాదు. తలుపు దగ్గర నిలబడి, దిగాల్సిన స్టేషను వచ్చినా అడుగు పడలేదంటే శరీరం తనకు చేతనైన భాషలో చెబుతోందన్నమాట. డాక్టరును కలవండి. కీల్పాక్‌లో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. 1794 నుంచి ఈ ఊరి మనుషులను చూస్తున్న ఆసుపత్రి అది, అక్కడికి వెళ్లడంలో నామోషీ ఏమీ లేదు. ఫోను చేయాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ సంఖ్య 14416. ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ప్లాట్‌ఫారం మీద నిలబడినప్పుడు బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చి ఉంటే, నా సమాధానం ఇక్కడే ఆపి ముందు ఆ ఫోను చేయండి. మీ ఆవిడకూ చెప్పండి.

ఆమె 'మనసులో పెట్టుకోకండి' అన్నది ప్రేమతోనే. కానీ ఆ మాట దగ్గర మీ సంభాషణ ఆగిపోతోంది. నాకు రాసిన ఉత్తరమే ఆమెకు చదవడానికి ఇవ్వండి. రైలు దిగలేకపోయిన సంగతి ఆమెకు తెలియదేమో అని నా అనుమానం.

క్షమాపణ అడగనా అన్నారు. ఆ లాట్ విషయంలో ఎవరికీ అక్కర లేదు. అది బ్రేకు. మీ ముద్ర నమ్మి ఎవరో ఏ కొండ రోడ్డు మీదో పిల్లలను ఎక్కించుకుని బండి నడుపుతారు. మీరు క్షమాపణ చెప్పాల్సింది ఇద్దరికి. మొదటివాడు మీ బాబు. నీళ్లు ఒలికినందుకు కొట్టడం తప్పు, ఆఫీసు కోపం నీ మీద చూపించాను, ఇక చెయ్యి ఎత్తను అని వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. చెప్పి నిలబెట్టుకోండి. దెబ్బ ఎక్కడి నుంచి వచ్చినా తగిలింది వాడికి.

రెండోవాడు ఆ కొత్త కుర్రాడు. అతను మీ దగ్గరికి ఎలా వచ్చాడో ఒకసారి ఊహించుకోండి. షాపు మొత్తం చూస్తుండగా, మెషీన్ల మధ్యలోంచి నడిచి, ఎవరూ వెళ్లని తుక్కు గది పక్క బల్ల దగ్గరికి వచ్చాడు. 1989లో మా గదిలో ఎవరికీ లేని ధైర్యం అది, తెలిసి చేశాడో తెలియక చేశాడో. సోమవారం, గేజ్‌ను సరిచూసుకునే మాస్టర్ రింగ్ తీసుకుని మీరే అతని దగ్గరికి వెళ్లండి. ఆ రోజు కసురుకున్నాను, తప్పు నాది అని చెప్పండి. గేజ్‌ను రింగులో పెట్టి మెల్లగా అటూ ఇటూ ఊపుతూ, ముల్లు ఎక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరుగుతోందో చూపించండి. సున్నా పెట్టాల్సింది అక్కడే అని చెప్పి, గేజ్ అతని చేతికి ఇవ్వండి.